తుప్పు పట్టిన డబుల్ బ్యారెల్‌కి మళ్ళీ నలుపు: ఇంట్లో వాడిన సీసా, నెల్లూరులో భాయ్ షాపు

2024 జూన్‌లో, ఎన్నికల కోసం డిపాజిట్ చేసిన తుపాకి ఇంటికి తెచ్చుకుని కవర్ జిప్పు లాగిన రోజు ఇంకా నా కళ్ళ ముందే ఉంది. మూతి దగ్గర నుంచి ఒక జానెడు మేర, గొట్టాల మీద కుంకుమ చల్లినట్టు తుప్పు. అంతకంటే నన్ను బాధపెట్టింది ఎడమ గొట్టం మీద పడిన ఒక బొటనవేలి ముద్ర. గీతలతో సహా ఎర్రగా అచ్చు దిగింది. ఎవరో చెమట చేత్తో పట్టుకుని, తుడవకుండా మూలన నిలబెట్టారు. ఆ చెమట మూడు నెలలు కూర్చుని ఉక్కును తినేసింది.

నాది మైపాడు దగ్గర ఊరు. ఆర్మీలో 17 ఏళ్ళు చేసి 2001లో హవల్దారుగా ఇంటికొచ్చాను. మరుసటి ఏడాది లైసెన్సు తీసుకుని, ఇండియన్ ఆర్డినెన్స్ ఫ్యాక్టరీ వాళ్ళ 12 బోరు డబుల్ బ్యారెల్, అంటే రెండు గొట్టాల తుపాకి, కొన్నాను. ఆ తుపాకి భుజాన వేసుకునే 2023 డిసెంబరు దాకా బ్యాంకు గార్డుగా పనిచేశాను. ఇద్దరు పిల్లల చదువులు దాని మీదే గడిచాయి. అందుకే దాని మీద తుప్పు చూస్తే నాకు అన్నం సయించలేదు.

ఎన్నికలప్పుడు తుపాకి డిపాజిట్ చేయకుండా, బ్యాంకు గార్డులకు బ్యాంకు ద్వారా అడిగితే మినహాయింపు దొరికేది. రిటైరయ్యాక ఆ అవకాశం లేదు. 2024 మార్చి 16న ఎన్నికల కోడ్ రాగానే కబురు వచ్చింది, తీసుకెళ్ళి డిపాజిట్ చేశాను. పోలింగ్ మే 13న, లెక్కింపు జూన్ 4న. ఆ తర్వాత కొన్ని రోజులకు చేతికిచ్చారు. డిపాజిట్ చేసిన చోటు పేరు నేను రాయను. ఊళ్ళ తుపాకులన్నీ ఒకేసారి వచ్చి పడితే ఒక్కొక్కదాన్ని తుడుస్తూ కూర్చోవడం వాళ్ళకు కుదరదు, అది నాకు తెలుసు. కానీ గుడ్డ కవర్లో పెట్టి, గచ్చు మీద, గోడకు ఆనించి వదిలేస్తే ఉక్కు పాడవుతుందని ఒక్కరికైనా తట్టాల్సింది. గుడ్డ తేమ పీల్చుకుంటుంది. పీల్చుకున్న తేమను గొట్టానికి అంటిపెట్టుకుని కూర్చుంటుంది. నేను నూనె రాసే ఇచ్చాను, కానీ ఆ నూనెను కవర్ గుడ్డే తాగేసింది.

మా వైపు ఉప్పు గాలి సంగతి వేరే చెప్పక్కర్లేదు. మైపాడు, తోటపల్లిగూడూరు, ముత్తుకూరు, అటు ఒంగోలు పక్కన కొత్తపట్నం, ఎక్కడైనా కొత్త సైకిల్ రిమ్ము కూడా ఒక వానాకాలానికి మచ్చలు పడుతుంది. దానికి తోడు రొయ్యల గుంటలు. గుంట ఎండగట్టి బ్లీచింగ్ చల్లిన రోజు ఆ గాలి ఇంట్లోకొస్తే కత్తిపీట మీద కూడా తెలుస్తుంది. ఇలాంటి చోట లైసెన్సు తుపాకి ఉన్నవాళ్ళు ఎక్కువమంది లేరు. ఉన్నవాళ్ళకి పనికొస్తుందని, నేను వాడిన సీసా గురించి, చివరికి పని చేయించుకున్న షాపు గురించి రాస్తున్నాను. వాడి ఏడాది దాటింది కాబట్టి ధైర్యంగా చెప్పగలను.

ముందు సీసా సంగతి. కోల్డ్ బ్లూ అని అమ్ముతారు. వేడి చేయకుండానే ఉక్కును నలుపు చేసే ద్రవం. ఎయిర్ గన్నులు అమ్మే ఒక దుకాణం నుంచి 90 మిల్లీలీటర్ల సీసా తెప్పించాను, కొరియర్‌తో కలిపి 1,900 పడింది. అందులో ఉండేది సెలీనియం ఆమ్లం, రాగి లవణం, ఇంకో ఆమ్లం. విషం. చేతికి గ్లవ్స్ లేకుండా ముట్టుకోకూడదు, వంటింటి ఛాయలకు తీసుకుపోకూడదు. నేను డాబా మీద, గాలికి ఎదురుగా కూర్చోకుండా చేశాను.

తుప్పును నూనె వేసి, బాగా సన్నని నాలుగు సున్నాల స్టీల్ ఊల్‌తో మెల్లగా రుద్దాను. తుప్పు పోయింది, దాంతోపాటు మిగిలిన పాత నలుపూ చాలావరకు పోయింది. బూడిద రంగు ఉక్కు బయటపడింది. అసిటోన్‌తో మూడుసార్లు తుడిచాను. ఇది ముఖ్యం. వేలి జిడ్డు కొంచెం ఉన్నా ద్రవం అక్కడ పట్టదు, మచ్చలు మచ్చలుగా వస్తుంది. హెయిర్ డ్రయర్‌తో గొట్టం గోరువెచ్చగా అయ్యేదాకా వేడి చేసి, దూది పుల్లతో ద్రవం రాశాను. అది చూడాలి. తడి తగిలిన చోట ముందు గోధుమ రంగు, వెంటనే నీలం, నెమలి మెడ మీద ఉండే నీలం లాంటిది, ఆ తర్వాత నలుపు. పది సెకన్లు కూడా పట్టలేదు. వాసన మాత్రం వెల్లుల్లి తొక్కలు కాలినట్టు, పక్కనే ఇనుము తడిసినట్టు ఉంటుంది. నీళ్ళతో కడిగి, ఆరబెట్టి, స్టీల్ ఊల్‌తో ఒకసారి తట్టి, మళ్ళీ రాశాను. అలా నాలుగుసార్లు. చివర్లో నూనె పట్టించి రాత్రంతా వదిలేశాను.

తెల్లారి చూస్తే బాగుంది. నిజంగా బాగుంది. రెండడుగుల దూరం నుంచి చూస్తే ఎక్కడ పని చేశానో మా ఇంట్లో ఆవిడకి కూడా తెలియలేదు.

మూడు వారాలకి అదే చోట మళ్ళీ ఎరుపు కనిపించింది. బొటనవేలి ముద్ర గీతల్లోంచి సన్నగా లేచింది.

తప్పు సీసాది కాదు. నేను దాన్ని ఏ పనికి వాడానో అక్కడ తేడా. ఈ ద్రవం ఉక్కు మీద వేసేది సెలీనియం, రాగి కలిసిన పల్చని నల్లని పొర. అది రంగు ఇస్తుంది కానీ కవచం అవదు. స్క్రూ తల మీద అరిగిన చోటు, ట్రిగ్గర్ గార్డు అంచు, కవర్ జిప్పు గీరిన గీత, ఇలాంటి చిన్న చిన్న వాటికి చాలా మంచి వస్తువు. జానెడు మేర ఉప్పు తిన్న గొట్టానికి అది మందు కాదు. ఉప్పు ఉక్కు గుంటల్లోపల దాక్కుని ఉంటుంది. పైన నలుపు వేస్తే లోపల అది తన పని తాను చేసుకుంటూ పోతుంది. ఈ సంగతి నాకు తర్వాత తుపాకి బాగుచేసిన భాయ్ చెప్పారు. చిన్న టచప్‌లకి ఆ సీసా ఇప్పటికీ నా దగ్గర ఉంది, మూత గట్టిగా బిగించి ఎత్తు మీద పెట్టాను.

అప్పుడు రెండు సలహాలు వచ్చాయి. రెండూ ప్రేమగా చెప్పినవే.

ఒకటి, ఊళ్ళో తెలిసినవాళ్ళు చెప్పింది. బైకు సైలెన్సర్లకి, కార్ల బంపర్లకి పాలిష్ పెట్టి నల్ల కోటింగ్ వేసేవాళ్ళ దగ్గర ఒక గంటలో అయిపోతుందని. అక్కడిదాకా వెళ్ళి, తుపాకి ఇంట్లోనే ఉంచి, పని ఎలా చేస్తారో మాత్రం చూసొచ్చాను. తిరిగే బఫింగ్ చక్రానికి ముక్కను ఆనిస్తారు. అద్దంలా వస్తుంది, కానీ అంచులు గుండ్రబడిపోతాయి, చెక్కిన అక్షరాలు అరిగిపోతాయి. తుపాకి మీద నంబరు అరిగితే అది చిన్న విషయం కాదు. ఆయుధాల చట్టం 8వ సెక్షన్ కింద గుర్తింపు నంబరు చెరిపేయడం నేరం. అసలు తుపాకి రిపేరుకి కూడా 5వ సెక్షన్ కింద లైసెన్సు ఉండాలి. లైసెన్సు లేని చోట తుపాకి వదిలేసి టీ తాగడానికి వెళ్ళినా రేపు సమాధానం చెప్పుకోవాల్సింది మనమే. కాబట్టి ఆ దారి ఎవరూ పట్టొద్దు.

రెండోది మా అక్క కొడుకు, హైదరాబాదులో ఉంటాడు. ‘మామా, ఇప్పుడంతా సెరాకోట్ వేయిస్తున్నారు, ఉప్పునీళ్ళలో ముంచినా ఏమీ కాదు’ అన్నాడు. వాడి మాటలో నిజం ఉంది. అది సిరామిక్ కలిసిన పెయింటు. ఉక్కును ఇసుకతో గరుకు చేసి, స్ప్రే చేసి, ఓవెన్‌లో కాలుస్తారు. తుప్పును ఆపడంలో బ్లూయింగ్, అంటే ఉక్కుకి ఎక్కించే ఈ నలుపు, దాని దరిదాపులకు రాదు. కొత్త తరం రైఫిల్‌కి, పడవల్లో తిరిగే వాళ్ళ తుపాకికి నేనూ అదే చెబుతాను. కానీ నా పాత డబుల్ బ్యారెల్ మీద పెయింటు చూడడానికి నాకు మనసు రాలేదు. పెయింటుకి మందం ఉంటుంది, గొట్టాలు ముడుచుకునే చోట బిగుతు మారుతుంది. వాడు నొచ్చుకోకుండా చెప్పి ఊరుకున్నాను.

ఆఖరికి నెల్లూరులో తుపాకులు బాగుచేసే లైసెన్సున్న ఒక పెద్దాయన దగ్గరికి వెళ్ళాను. షాపు పేరు, వీధి ఇక్కడ రాయడం లేదు. తుపాకులు ఉండే చోటు కాబట్టి బయట పెట్టొద్దని ఆయనే అడిగారు, ఆ మాట నాకూ సబబే అనిపించింది. లైసెన్సు ఉన్నవాళ్ళు తూటాలు కొనే డీలర్‌ని అడిగితే చెబుతారు. నేను ఆయన్ని భాయ్ అనే పిలుస్తాను. ఆయన నన్ను హవల్దార్ సాబ్ అంటారు.

మొదటిసారి ఫోన్ చేసినప్పుడు రొట్టెల పండగ దగ్గరికొచ్చింది. ‘పండగ అయిపోనీండి సాబ్, ఇంటినిండా చుట్టాలు, దర్గా దగ్గర రద్దీ, మీ వస్తువు మీద మనసు పెట్టలేను’ అన్నారు. ఆ ముక్క నాకు నచ్చింది. పండగ అయ్యాక, జూలై ఆఖరి వారంలో వెళ్ళాను.

షాపు మేడ మీద, ఇరుకు మెట్లు. నడుము నొప్పి ఉన్నవాళ్ళు జాగ్రత్త. బండి పెట్టుకోవడానికి చోటు లేదు, దూరంగా పెట్టి నడవాలి. ఆయన తుపాకి చేతికి తీసుకోగానే చేసిన మొదటి పని గొట్టాలు మడిచి తెరిచి లోపల ఖాళీగా ఉందా అని చూడడం. నేను అప్పటికే చూపించాను, అయినా ఆయన మళ్ళీ చూశారు. ఆర్మీలో మాకు నేర్పింది అదే. తర్వాత లైసెన్సు అడిగి, నంబరు అక్షరం అక్షరం పోల్చి, రిజిస్టర్‌లో రాసి, రసీదు ఇచ్చారు. ఇవన్నీ అయ్యేదాకా తుప్పు మాటే ఎత్తలేదు.

ఆ తర్వాత ఆయన చేసిన పరీక్ష నేను ఎక్కడా చూడలేదు. గొట్టాలను విడదీసి, కింద ఉండే కొక్కానికి ఒక తీగ తగిలించి గాల్లో వేలాడదీశారు. చెక్క సుత్తి పిడితో మెల్లగా తట్టారు. కంచు గిన్నె మోగినట్టు మోగింది, ఆ మోత చాలాసేపు నిలిచింది. ఆయన ముఖం విప్పారింది. డబుల్ బ్యారెల్‌లో రెండు గొట్టాల మధ్య పైన ఒక పట్టీ, కింద ఒక పట్టీ ఉంటాయి. రిబ్బు అంటారు. వాటిని సీసం, తగరం కలిపిన మెత్తని అతుకుతో అతికిస్తారు. ఆ అతుకు ఎక్కడైనా విడిస్తే తట్టినప్పుడు పగిలిన కుండలా బొంగురుగా మోగుతుంది. నాది గట్టిగా ఉంది.

అక్కడే ఆయన నాకు చెప్పిన మాట కోసమే ఇంత రాస్తున్నాను. ‘సాబ్, దీన్ని వేడి ఉప్పుల తొట్టిలో నేను ముంచను. ఎవరు ముంచుతానన్నా మీరు ఒప్పుకోవద్దు.’

ఫ్యాక్టరీల్లో సింగిల్ గొట్టాలకి, రైఫిళ్ళకి వేసే మామూలు బ్లూయింగ్ అంతా వేడి పద్ధతే. కాస్టిక్ సోడా, నైట్రేట్ ఉప్పులు నీళ్ళలో కలిపి 140 డిగ్రీల సెల్సియస్ అటూ ఇటూగా మరిగిస్తారు. అందులో ఉక్కును ముంచితే అరగంటలో నల్లబడుతుంది. త్వరగా అవుతుంది, చూడడానికి నున్నగా ఉంటుంది. కానీ ఆ కాస్టిక్ సీసాన్ని, తగరాన్ని తినేస్తుంది. అతుకు తినేస్తే రిబ్బు ఊడుతుంది. వెంటనే ఊడకపోయినా రిబ్బు కిందికి చేరిన ఉప్పు అక్కడే ఉండిపోయి, నెలల తర్వాత సందుల్లోంచి తెల్లగా బయటికొస్తుంది. లోపల్లోపల తుప్పు. అప్పటికి బాగుచేసే అవకాశం ఉండదు. ఆ వేడి పని ఆయన కూడా చేస్తారు, ఒంటి గొట్టం తుపాకులకు. నా దానికి కూడా చేసేసి డబ్బులు తీసుకుంటే నాకు ఆ రోజు తెలిసేది కాదు. వద్దన్నారు. పదకొండు రోజుల పని ఉండే పాత పద్ధతి చేస్తానన్నారు.

ఆ పాత పద్ధతి పేరు రస్ట్ బ్లూయింగ్. తుప్పుతోనే తుప్పును ఆపడం. వినడానికి వింతగా ఉంటుంది కానీ లెక్క సరైనది. ఎర్ర తుప్పు పొరలుగా ఊడుతూ లోపలికి తింటూ పోతుంది. అదే సన్నని తుప్పును మరిగే నీళ్ళలో ఉంచితే మాగ్నటైట్ అనే నల్లని ఇనుప ఆక్సైడ్‌గా మారి ఉక్కును అంటిపెట్టుకుంటుంది. ఇలా ఒక్కొక్క పొర ఎక్కించుకుంటూ పోతారు.

నేను మూడుసార్లు వెళ్ళి కూర్చుని చూశాను. ఆయన వద్దనలేదు, స్టూల్ వేశారు. పాలిష్ అంతా చేత్తోనే. చెక్క ముక్కకి ఎమెరీ కాగితం చుట్టి, గొట్టం పొడుగునా, ఒకే దిక్కులో. నంబరు, ప్రూఫ్ ముద్రలు (గొట్టం పరీక్షలో నెగ్గిందని కొట్టే గుర్తులు) ఉన్న చోట కాగితం కూడా వాడలేదు, పుల్ల చివర గుడ్డ చుట్టి తుడిచారు. రెండు గొట్టాలకీ రెండు చివరలా చెక్క బిరడాలు కొట్టారు, లోపలికి నీళ్ళు పోకుండా. ఆ బిరడాలే పట్టుకోవడానికి పిడులు. జిడ్డు వదిలించాక ఇక ఎవరూ ముట్టుకోలేదు, నన్ను కూడా దూరంగా జరగమన్నారు.

తుప్పు పట్టించే ద్రావకం ఆయన సొంతంగా కలుపుకుంటారు. అడగలేదు, చెప్పలేదు. తడి ఆరీ ఆరని గుడ్డతో ఒకే ఒక్కసారి, పైనుంచి కిందికి గీశారు. ఎక్కువ తడి పడితే కారి చారలు పడతాయట. తర్వాత తేమ కావాలి. జూలైలో నెల్లూరు గాలి మీకు తెలిసిందే, పడమటి గాలి గొంతు ఎండగొడుతుంది. అందుకని పొడుగాటి చెక్క పెట్టెలో గొట్టాలు వేలాడదీసి, అడుగున వేడినీళ్ళ గిన్నె పెట్టి మూసేశారు. తెల్లారేసరికి గొట్టాల నిండా సన్నగా, సమంగా, లేత నారింజ రంగు తుప్పు. నేను ఇంట్లో చూసి ఏడ్చిన రంగే అది. ఇక్కడ మాత్రం భాయ్ దాన్ని చూసి తల ఊపారు.

పొడుగు రేకు తొట్టిలో డిస్టిల్డ్ వాటర్ మరుగుతోంది. బ్యాటరీ షాపు నుంచి క్యాన్లతో తెచ్చుకుంటారు. బోరు నీళ్ళు వాడితే అందులోని ఉప్పుకి మచ్చలు పడతాయి. గొట్టాలను బిరడాలు పట్టుకుని దించారు. నీళ్ళు కుతకుతలాడుతుంటే ఎర్ర రంగు కొంచెం కొంచెంగా ముదిరింది. ముందు ఇటుక రంగు, తర్వాత కాఫీ గింజ రంగు, ఇరవై నిమిషాలకి మఖ్మల్ గుడ్డ లాంటి నలుపు. బయటికి తీస్తే ఆ వేడికే క్షణంలో ఆరిపోయింది. సన్నని తీగల మెత్తటి బ్రష్‌తో రుద్దితే పైనున్న మెత్తని మసి రాలిపోయి, కింద పట్టుకున్న పల్చని బూడిద-నలుపు మిగిలింది. ఇది ఒక పొర. ఇలా ఏడు పొరలు. మూడో పొరదాకా నాకు పెద్ద తేడా తెలియలేదు. అయిదోదానికి లోతు వచ్చింది. ఏడోదానికి వెలుతురులో చూస్తే నలుపు అడుగున నీలం కదిలింది.

ఆ మరిగించడంలోనే గుంటల్లో దాక్కున్న ఉప్పు కూడా బయటికి వస్తుందట. నా సీసా పనికీ ఆయన పనికీ తేడా అక్కడే. ఇంకొక మాట కూడా చెప్పారు, అది విని నాకు నిజంగా బాధేసింది. తుప్పు కనిపించిన రోజే, నేను స్టీల్ ఊల్ పట్టకముందే తెచ్చి ఉంటే, ద్రావకం అవసరం లేకుండా ఉత్తినే మరిగించి, పైపైన రుద్ది, పాత ఫ్యాక్టరీ నలుపును సగానికి పైగా కాపాడేవారట. నేను రుద్ది తీసేసింది తుప్పు ఒక్కటే కాదు. కాబట్టి మీ తుపాకి మీద కొత్తగా తుప్పు కనిపిస్తే రుద్దకండి. నూనె రాసి, తెలిసినవాళ్ళకి చూపించండి.

ఆయన దగ్గర నాకు నచ్చనివి కూడా చెప్పాలి. పదకొండు రోజులన్నది ఇరవై అయిదు రోజులు పట్టింది. నాలుగో పొర దగ్గర కుడి గొట్టం మీద ఒక మచ్చ వచ్చింది, మొత్తం గీసేసి మొదటి నుంచి చేశారు. ఆ సంగతి ఆయన దాచలేదు, నేను వెళ్ళినప్పుడు చూపించే చెప్పారు. కానీ ఫోన్ ఎత్తరు. నాలుగు రోజులు రింగ్ అవుతూనే ఉంది, నాకు టెన్షన్. తుపాకి ఇంకొకరి దగ్గర ఉన్నప్పుడు ఫోన్ ఎత్తకపోతే మనిషికి నిద్ర పట్టదు, ఆ విషయం ఆయనకి మర్యాదగానే చెప్పాను. గొట్టాలు, ట్రిగ్గర్ గార్డు, పై లీవర్ కలిపి 7,500 తీసుకున్నారు, నగదే. ఆ శ్రమ కళ్ళారా చూశాక నాకు ఎక్కువ అనిపించలేదు. ఇంకో సంగతి, ఇది ఫ్యాక్టరీ మెరుపు కాదు. మెరుపు తక్కువ, నునుపైన నలుపు. తళతళలాడాలి అనుకునేవాళ్ళకి నచ్చకపోవచ్చు. నాకైతే పాత ఇంగ్లీషు డబుల్ బ్యారెల్‌ల మీద చూసిన నలుపు ఇదే, ఆ నలుపు ఇంటికొచ్చినట్టు ఉంది.

బొటనవేలి ముద్ర పూర్తిగా పోలేదు. గుంటలు లోతుగా దిగాయి, అవి పోయేదాకా గీస్తే గొట్టం గోడ పల్చబడుతుందని భాయ్ వదిలేశారు. అది సరైన నిర్ణయం. మామూలుగా చూస్తే కనిపించదు. దీపానికి అడ్డంగా తిప్పితే నలుపు కింద ఆ గీతలు ఇప్పటికీ ఉన్నాయి.

వెనక్కి తెచ్చుకున్నాక రెండు విషయాల్లో నా అలవాటు మార్చుకున్నాను. బ్లూయింగ్ ఏ పద్ధతిలో వేసినా, దాని పని నూనెను పట్టి ఉంచడం. నూనె లేకపోతే అది ఉత్త రంగు. ఆర్మీలో మా ఎస్ఎల్ఆర్ రైఫిళ్ళకి ఫాస్ఫేట్ పూత ఉండేది, గరుకుగా, పీల్చుకునే గుణంతో. ఓఎక్స్-52 నూనె రాస్తే అందులోకి ఇంకిపోయేది. వానలో నెలల తరబడి తిరిగినా అవి నిలబడ్డాయంటే ప్రతి సాయంత్రం పుల్ త్రూ (గొట్టంలోంచి లాగి శుభ్రం చేసే తాడు), చిందీ (గుడ్డ పీలిక) పట్టుకుని కూర్చోబట్టే. ఇంటికొచ్చాక నేను నెలకోసారికి దిగాను. ఉప్పు గాలిలో అది చాలదు.

ఇప్పుడు బాలిస్టాల్ వాడుతున్నాను. జర్మనీ నూనె, వందేళ్ళకు పైగా తయారవుతోంది. ఆన్‌లైన్‌లో దొరుకుతుంది. సోంపు లాంటి ఒక వాసన, కొందరికి పడదు. నాకు ఇబ్బంది లేదు. కొంచెం క్షార గుణం ఉండడం వల్ల వేలి చెమటలోని ఆమ్లాన్ని చంపుతుంది, నా బాధకి సరిగ్గా సరిపోయింది. చెక్క బట్టుకి (భుజానికి ఆనించే భాగం), తోలు పట్టీకి కూడా అదే రాయొచ్చు, రెండు మూడు సీసాలు అక్కర్లేదు. ఎక్కువ కారేలా రాయొద్దు. గుడ్డ మీద నాలుగు చుక్కలు వేసి, తుపాకి పొడుగునా ఒకసారి తుడిస్తే చాలు. వారానికి ఒకసారి, వాయుగుండం ఉన్న రోజుల్లో రోజు విడిచి రోజు. ఎవరైనా ముట్టుకుంటే వెంటనే. మనవడికి కూడా అదే చెప్పాను, ఇనుము పట్టుకోవద్దు, చెక్క పట్టుకో అని.

కవర్లో పెట్టడం పూర్తిగా మానేశాను. కవర్ మోసుకెళ్ళడానికే. ఇంట్లో ఇనుప బీరువాలో, తాళం వేసి, కవర్ లేకుండా, మూతి కిందికి వచ్చేలా నిలబెడుతున్నాను, నూనె బట్టులోకి దిగి చెక్క మెత్తబడకుండా. అడుగున నీలం సిలికా జెల్ సంచులు. గులాబీ రంగుకి తిరిగితే మళ్ళీ వేడి చేసి ఆరబెడతాను. అక్టోబరు, నవంబరుల్లో వారానికే గులాబీ అయిపోయాయి. ఆ వానలన్నీ అయ్యాక డిసెంబరులో భాయ్‌కి తీసుకెళ్ళి చూపించాను. దీపం కింద ఈ చివర నుంచి ఆ చివరిదాకా చూసి, ‘మీరు చూసుకుంటున్నారు’ అన్నారు. డబ్బు తీసుకోలేదు.

ఈసారి ఎన్నికలకి లైసెన్సున్న డీలర్ దగ్గర డిపాజిట్ చేస్తాను. అది కూడా చట్టం ఒప్పుకునే దారే, నెల నెలా అద్దె తీసుకుంటారు, అయినా ఇస్తాను. ఇచ్చేముందు గొట్టాల పొడుగునా చిక్కటి గ్రీజు రాసి, మైనం కాగితం చుట్టి, ఆ మీదే కవర్ వేస్తాను. తీసుకునేటప్పుడు వాళ్ళ ముందే విప్పి చూసుకుని, ఏదైనా ఉంటే రసీదు వెనక రాయించుకుంటాను. పోయినసారి అక్కడ విప్పకుండా నేరుగా ఇంటికి తెచ్చేశాను.

గొట్టాల కింద ముందువైపు ఉండే చెక్కకి ఉన్న ఇనుప ముక్క మీద, నా ఎడమ చెయ్యి పట్టే చోట, నలుపు ఇప్పుడు కాస్త పల్చబడింది. అప్పుడు దానికి పని చేయించలేదు. సీసాతో రెండుసార్లు అద్దాను, నెలన్నర నిలిచింది. రొట్టెల పండగ రద్దీ తగ్గాక ఆ ఒక్క ముక్కనీ భాయ్ దగ్గరికి తీసుకెళ్తాను. అది చేత్తోనే ఊడుతుంది, తుపాకి మొత్తం మోసుకెళ్ళక్కర్లేదు. లైసెన్సు పుస్తకం మాత్రం జేబులో పెట్టుకునే వెళ్తాను, ఆయన రిజిస్టర్‌లో రాయాలి కదా.